చాటింపు దాటని ఖాదర్ మామ

మా చిన్నప్పుడు గంగమ్మ జాతరకు చాటింపు వేశారంటే చాలు... తిరుపతికి గొళ్ళెం పెట్టినట్టే! డప్పు మోగాక ఊరివాళ్ళు జాతర అయ్యేదాకా పొలిమేర దాటకూడదు. పొరుగూరివాళ్ళు రాత్రికి ఊళ్ళో ఉండకూడదు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా గబగబా సంచులు సర్దుకుని బస్సెక్కేవాళ్ళు.

మా పక్కింట్లో టైలర్ ఖాదర్ మామ ఉండేవాడు. జాతరలో మగవాళ్ళు మొక్కుకుని ఆడవేషం వేస్తారు కదా... ఆ రవికెలన్నీ ఆయన మిషను మీదే తయారయ్యేవి. బుర్రమీసాల మనిషికి రవికె కొలత తీస్తూ నవ్వాపుకోలేక ఆయన పడే పాట్లు చూడ్డానికే నేనూ, ఆయన కూతురు షమీమూ గుమ్మంలో కూర్చునేవాళ్ళం.

ఒక ఏడు జాతర, రంజాను ఒకే వారంలో వచ్చాయి. ప్రతి రంజానుకూ షమీమ్ వాళ్ళు వడమాలపేటలో ఉన్న అమ్మమ్మ ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఆమెను అందరం నానీ అనేవాళ్ళం. అక్కడ వసారాలో ఉయ్యాల, దాని చుట్టూ పిన్ని పిల్లలు, మామ పిల్లలు... షమీమ్ ఏడాదంతా ఆ కబుర్లే చెప్పేది. ఆసారి జరీ అంచు పరికిణీ కూడా కుట్టించుకుంది.

తీరా చూస్తే పండుగకు ముందే చాటింపు పడింది. ఖాదర్ మామ ప్రయాణం మానుకున్నాడు.

షమీమ్ ఏడ్చిన ఏడుపు వీధంతా వినబడింది. కొత్త పరికిణీ తీసి మూలకు విసిరికొట్టింది. మా నాయనకు చూస్తూ ఊరుకోవడానికి మనసొప్పలేదు.

"ఏం ఖాదరూ, చాటింపు మాకు గానీ మీకేమప్పా? బిడ్డ అట్లా ఏడస్తా ఉండాది. పోయి రాండి" అన్నాడు.

మామ మిషను ఆపాడు. "సాటింపు ఊరికి ఏసినారన్నా. నేను ఊర్లో ఉండానా, లేదా?"

నాయన ఏదో అనబోయాడు.

"మొన్న బిడ్డకి అమ్మవారు పోసినప్పుడు యాపమండలు మీ ఇంట్లో నుంచే గదా తెచ్చినారు. అప్పుడు ఆయమ్మ మమ్మల్ని మీరెవురని అడగలేదే... ఇప్పుడు నేనెట్లా దాటేది?"

నాయన తల ఊపి ఇంట్లోకి వచ్చేశాడు. నాకు మాత్రం మామ మీద పట్టరాని కోపం వచ్చింది. పెద్దవాళ్ళ పట్టింపులకు షమీమ్ పండుగ పోయిందే అని.

రంజాను రోజు మామ నమాజు నుంచి వచ్చేసరికి వాళ్ళింటి ముందు రిక్షా ఆగింది. దిగింది ఎవరనుకున్నారు... నానీ! చేతిలో మూతికి గుడ్డ కట్టిన పెద్ద దబరా.

"మీరు దాటగూడదు గానీ, నేను రాగూడదని ఎవురు సెప్పినారు? పొద్దు గుంకేలోపల పోతాలే" అంటూ షమీమ్‌ను దగ్గరకు లాక్కుంది.

గుడ్డ విప్పగానే పాలు, సేమ్యా, ఖర్జూరం, నేతిలో వేగిన జీడిపప్పు... ఆ వాసనకు వీధంతా తలుపులు తెరుచుకున్నాయి.

సరిగ్గా అప్పుడే మా అన్న వేషంలో ఊడిపడ్డాడు. ఒళ్ళంతా బొగ్గుపూత, నడుముకు వేపమండలు. వేషం వేసినవాళ్ళు ఎదురైనవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాలి. ఆ తిట్లు తగిలితే మేలు జరుగుతుందని నమ్మకం. దారిపొడవునా అందరినీ తిట్టుకుంటూ వచ్చినవాడు నానీని చూసి నోరు మూసేశాడు. పండుగ పూట పెద్దామెను ఎలా తిట్టేది?

నానీ ఊరుకుంటేనా! "ఏమిరా అబ్బయా, అందర్నీ తిట్టి నన్ను ఇడిసిపెడతావా? నేనేం పాపం జేసినాను? బిరీన తిట్టు. తిట్టినాకే నీకు షీర్ ఖుర్మా!"

అన్న తల గోక్కున్నాడు. నేల చూస్తూ, "ము... ముసిల్దానా" అన్నాడు. అంతే!

వీధంతా ఘొల్లుమంది. "ఇదీ ఒక తిట్టేనా" అంటూనే నానీ గ్లాసు నిండా పోసి ఇచ్చింది. వాడు తాగుతుంటే మూతి చుట్టూ బొగ్గు చెరిగి, పాల మీసం మొలిచింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన షమీమ్ అప్పుడు పకపకా నవ్వింది... లోపలికి పరుగెత్తి ఆ పరికిణీ వెతికి కట్టుకుంది.

సాయంత్రం వడమాలపేట మీదుగా పోయే పుత్తూరు బస్సు కిటికీలోంచి నానీ చెయ్యి ఊపుతుంటే షమీమ్ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. "నానీనే వచ్చేసింది గదా మే... ఇంకేం" అంది.

పండుగ దేవుడి కోసమని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఇంకోలా తోస్తుంది. పక్కింటివాళ్ళ పండుగకు మన ప్రయాణం ఆపుకోవడం, మన పండుగ పూట వాళ్ళ గుమ్మంలో గ్లాసు అందుకోవడం... రోజూ పక్కపక్కనే బతుకుతున్నా, ఒకరికొకరం ఏమవుతామో ఆ రోజే కదా తెలిసేది.

ఇప్పుడు నేను అలిపిరి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఈ ఏడు చాటింపు వేసిన రోజున మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "జాతర మన పండుగ. దీంట్లో వేరేవాళ్ళకేం పని" అని పెద్ద మెసేజి పెట్టాడు. మర్నాడే ఇంటిల్లిపాదినీ తీసుకుని ఊటీ వెళ్ళాడు. అక్కడి ఫొటోలు కూడా ఆ గ్రూపులోనే పెట్టాడు!

ఒళ్ళు మండి షమీమ్‌కు ఫోన్ చేశాను. ఖాదర్ మామ పోయాక ఆ మిషను మీద ఇప్పుడు తనే కూర్చుంటోంది... జాతర రవికెలూ తనే కుడుతోంది. ఆ రోజు పుత్తూరులో తన ఆడబిడ్డ కూతురి పెళ్ళి. అయినా ఫోన్లో మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"పెండ్లికి పోలేదా మే?" అన్నాను, మా ఆడపిల్లల పాత పిలుపుతోనే.

"సాటింపు ఏసినాక యాడికి పోయేది?"

ఊటీ ఆయన సంగతంతా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. నవ్వేసింది...

"పోనీలే మే. ఆయప్ప సల్లగా తిరిగి రానీ. ఊరికి మేముండాము గదా."



అప్పట్లో చాటింపు వింటే ఊరంతా ఆగేది... ఇప్పుడు ఆగేవాళ్ళను వెతుక్కోవాల్సి వస్తోంది. మీ పండుగ కోసం తన ప్రయాణం మానుకున్న మనిషి మీ వీధిలోనూ ఒకరు ఉండే ఉంటారు... వాళ్ళ కథ మాకూ చెబుతారా?