అవ్వ చెప్పకుండా తోసేది

నా చిన్నప్పుడు, మా పాత ఊరు సోమశిల డ్యాం నీళ్ళలో మునిగాక, ఆత్మకూరు వైపు కట్టిన కొత్త కాలనీకి మేం వచ్చి పడ్డాం. పాత ఇరుగుపొరుగు తలా ఒక దిక్కుకు పోయారు. ఆటకు తోడు దొరికేలోపే బోరింగు దగ్గర పాచి మీద పడి నా కుడి భుజం కీలు జారింది. ఆసుపత్రిలో సరిచేసి, కొన్నాళ్ళు చెయ్యి కట్టుకోమన్నారు. ఆ గడువు దాటినా భయంతో నేను కట్టు విప్పలేదు. ఒకసారి విప్పి ఉట్టి అందుకోబోతే మళ్ళీ జారింది; మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ కట్టు. నా అరుపుకు హడలిపోయిన కాలనీ పిల్లలు ఇక నన్ను ఆటకు పిలవలేదు. నొప్పి కంటే అదే ఎక్కువ బాధించింది.

మా అవ్వకూ అక్కడ మాట్లాడే మనిషి లేదు. ఒకరోజు నన్ను గోడ దగ్గరికి లాక్కుపోయి కట్టు విప్పేసింది. "కట్టేసి పెడితే చెయ్యి పని మర్చిపోతాది మే. గోడకు ఆనించి కళ్ళు మూసుకో" అంది. వల విసిరే మా తాతకు భుజం జారితే తనే ఇలా బాగుచేసిందట. నేను నమ్మలేదు గానీ అవ్వకు ఎదురు చెప్పేదెవరు?

అరచెయ్యి గోడకు ఆనిస్తే, నా మోచేతిని అటూ ఇటూ మెల్లగా తోసేది. మొదట చెప్పి తోసింది, తర్వాత చెప్పడం మానేసింది. నేను ముందే బిగుసుకుపోతే "బిగదీయబాక, అదే చూసుకుంటాది" అని కసిరేది. రోజూ సాయంత్రం ఇదే పని. పోను పోను, తోసిందని నాకు తెలిసేలోపే చెయ్యి నిలదొక్కుకునేది. భుజం గుంట లోతు తక్కువనీ, చుట్టూ ఉన్న కండరాలు మనం అనుకునేలోపే కలిసి బిగిసి ఎముకను అందులో నిలుపుతాయనీ చాలా ఏళ్ళకు ఒక డాక్టరమ్మ చెప్పింది.

ఒకనాడు అదే బోరింగు దగ్గర మళ్ళీ కాలు జారింది. పట్టుకున్న బోరింగు పిడి కుడిచేతిని గట్టిగా గుంజింది. పిల్లలు ముందుగానే చెవులు మూసుకున్నారు. భుజం కదల్లేదు. "ఏందే, జారలేదా?" అంది పక్కింటి పిల్ల, కాస్త నిరాశగా. ఆ సాయంత్రమే ఆటకు పిలిచారు. పరుగెత్తుతూ వెనక్కి చూస్తే, అవ్వ గోడ పక్కన ఒక్కతే కూర్చుని ఉంది.

ఇప్పుడు నాకూ అప్పటి అవ్వ వయసే, ఇంట్లో నేనూ ఒక్కదాన్నే. సాయంత్రం కుడిచెయ్యి గోడకు ఆనించి కళ్ళు మూసుకుంటాను. ఎడమచేత్తో నేనే తోసుకుంటే దానికి ముందే తెలిసిపోతుంది. అందుకని ఊరికే నిలబడతాను, అవ్వ చెప్పకుండా తోస్తుందేమోనని.