ఆగిపోయిన విమానంలో నాకొచ్చిన చివరి పిలుపు

యముడు మైకులో పిలవడం మీరెవరైనా విన్నారా? నేను విన్నా! మొన్న మంగళవారం, పట్టపగలు, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకొచ్చే దావలో. పేరు పెట్టి, ‘గారూ’ అని మర్యాదగా పిలిచినాడు. నేనిచ్చిన జవాబు తల్చుకుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతాండాయి.

కంటి పరీక్షకని నంద్యాల పోయినాం, నేనూ మా పక్కింటి మార్తమ్మా. ఆమె రిటైరైన టీచరు, నాకంటే చిన్నది, మహా పిరికిది. నాకేమో మనుషుల్ని భయపెట్టడమంటే అన్నం కంటే ఇష్టం. అందుకే మా స్నేహం అంత బాగా కుదిరింది. ఆస్పత్రిలో నా కండ్లల్లో మందు పోసినారు. బిందెడు పోసింటారు! బయటికొస్తే మనుషులంతా పొగలో నడిచే తెల్లగుడ్డ మూటల్లాగున్నారు. “సాయంత్రానికి సర్దుకుంటుందవ్వా” అన్నాడు డాక్టరు.

ఆటోలో వస్తాంటే నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, మధ్యాహ్నమే దీపాలు పెట్టే పొద్దయింది. అప్పుడు కనపడింది, జొన్నచేను పక్కన ఒక విమానం! ఎవరో పాత విమానాన్ని తుక్కు కింద కొని, లారీల మీద తెచ్చి, హోటలు పెట్టినారంట.

ఇంక నేను ఆగుతానా? ఈ చుట్టుపక్కల నా వయసు ఆడోళ్లలో విమానం ఎక్కింది నేనొక్కదాన్నే. ఇంకో ఇద్దరు ముగ్గురున్నారంటారు గానీ వాళ్లను నేను ఒప్పుకోను. వడ్లు బాగా పండిన ఏడు మా ఆయన నన్ను హైదరాబాదు పాత ఎయిర్‌పోర్టు నుంచి మద్రాసుకు తీసకపోయినాడు. ఇప్పటి ఎయిర్‌పోర్టులు గాజు బజార్లు. అప్పట్లో అది పెండ్లి ఇల్లు! ఒకాయన విమానం ఎక్కితే ఊరంతా జీపుల్లో వచ్చి దండలేసేది. గోడ మీద నల్ల బోర్డులో ఊర్ల పేర్లు మారేటప్పుడు పావురాల గుంపు లేచినట్టు తపతపతపమని చప్పుడు. విమానం దాకా నడిచిపోయి మెట్లెక్కాల. పైన పట్టుచీర పిల్ల చేతులు జోడించి, పళ్లెంలో చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకునేకి దూది ఇచ్చేది.

ఆ పొద్దు నేను ఆడోళ్ల గదిలో నిలువుటద్దం ముందు కొప్పు సర్దుకుంటా లోకం మర్చిపోయినా. మైకులో టింగ్‌టాంగ్! “ప్రయాణికురాలు ఓబుళమ్మ గారూ, మీకిదే చివరి పిలుపు.” పడుతూ లేస్తూ పోతే, మెట్ల కింద తెల్లపంచెలో మా ఆయన ‘బిన్నా రా, విమానం పోతాది’ అని చెయ్యి ఊపుతా నిలబడినాడు. ఆయన పోయి శానా ఏండ్లయింది. ఆ చెయ్యి ఊపడం మాత్రం ఇంకా కండ్లల్లోనే ఉండాది.

సరే, హోటలు కౌంటరు బయట రేకుల షెడ్డులో ఉంది. “బొరుగుల ఉగ్గాని ఒక్క ప్లేటే మిగిలింది” అన్నారు. మార్తమ్మ కూడా పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అయినా నేను పెద్దదాన్ని గదా! “బజ్జీలతో సహా నాకే” అని నా పేరు రాయించినా. ఆమె మొగం చిన్నబోయింది. చూడనట్టే విమానం వైపు నడిచినా. కంట్లో మందు ఎందుకుండేది మరి?

వాకిట్లో ఒక పిల్ల చేతులు జోడించి నిలబడింది. “బాగుండావా పాపా?” అంటే పలకదు. తడిమితే రాయి! మా ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిందే. వాళ్ల ఉలి కింద పడితే ఎయిర్‌హోస్టెస్‌కైనా అమ్మవారి కండ్లొస్తాయి. ఎవరో నుదుట కుంకుమ పెట్టి, పాదాల దగ్గర నిమ్మకాయ కూడా పెట్టినారు.

లోపల ఒక్క పురుగు లేదు. వరసగా పాత సీట్లు, తడిసిన రెగ్జిను వాసన. నాకు నాలుక దురద పుట్టింది.

“మార్తమ్మా, విమానాన్ని అమ్మేసినారు గానీ లోపలోళ్లను దిగమని ఎవరూ చెప్పల్యాంట. ఈ సీట్లల్లోనే కూర్చోనుంటారంట.”

“ఊరుకో అక్కా!”

“పేరు పెట్టి పిలిస్తే తప్ప లేవరు. మన పేరు పిలిచి, మనం పలికినామనుకో... ఇంకంతే.”

ఫట్‌మని కరెంటు పోయింది. “ప్రభువా!” అని మార్తమ్మ బయటికి దూకింది. నేను సీట్లో కూలబడి, దర్జాగా బెల్టు బిగించుకుని, కడుపు పట్టుకుని నవ్వినా.

నా నవ్వు ఆగింది. వెనక వరసలో మాత్రం ఆ నవ్వు ఇంకొంచెంసేపు వినపడింది.

లేద్దామంటే బెల్టు ఊడి రాదు. నొక్కినా, గుంజినా. వాన మొదలై పైరేకు మీద వేల గోళ్లు గీకినట్టు చప్పుడు. కాళ్ల కింద నేల సన్నగా వణికింది. రోడ్డు మీద లారీ పోయిందనుకున్నా. వణుకు ఆగల్యా. వెనక సీటు కిర్రుమంది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. మెరుపు మెరిసింది. బయటికి తిరిగున్న రాతిపిల్ల ఇప్పుడు నా వైపు చూస్తాంది! ఆమె వెనక, మెట్ల కింద వానలో, ఒక తెల్లపంచె. చెయ్యి ఊపుతాంది.

టింగ్‌టాంగ్!

కరెంటు లేదు. మైకు మోగుతాంది!

“ప్రయాణికురాలు ఓబుళమ్మ గారూ, మీకిదే చివరి పిలుపు.”

అవుకు చెరువులో చేపలు గట్టున పడేంత కేక పెట్టినా. “నేను కాదు సామీ ఓబుళమ్మను! ఓబుళమ్మ బయటుండాది! ఎర్రచీర! టీచరు! పింఛను కూడా వస్తాది! ఆమెను తీసకపోండి!”

తెల్లపంచె టార్చిలైటు పట్టుకుని లోపలికొచ్చింది. హోటలాయన! “ఉగ్గాని రెడీ అయిందవ్వా. మా హోటల్లో ఎయిర్‌పోర్టు మాదిరే పిలుస్తాం. మైకు ఇన్వర్టరు మీద నడుస్తాది. మెట్ల కాడ నిలబడి చెయ్యి ఊపినా గదా, చూడల్యా?” అని బెల్టు చూసి నవ్వినాడు. “కారు బెల్టు మాదిరి నొక్కుతాండావే! విమానంలో మూత పైకెత్తాల. ఎప్పుడూ ఎక్కల్యా?”

ఆ మాట మార్తమ్మ చెవిన పడకూడదని దేవుళ్లందరికీ మొక్కినా. “వెనక వరసలో ఎవురప్పా?” అన్నా. “ఎవరూ లేరే!” అన్నాడు. నేను తిరిగి చూడల్యా.

షెడ్డులో మార్తమ్మ నా ఉగ్గాని సగం ఖాళీ చేసింది.

“మే, అది నాది!”

“ఓబుళమ్మది గదక్కా? ఓబుళమ్మంటే ఎర్రచీర టీచరని చాగలమర్రి దాకా వినపడేటట్టు అరిస్తివే?”

“మా ఆయనే వచ్చి పిలుస్తాన్నాడనుకుంటినే!”

ఆమె చెయ్యి ఆగింది. “అంటే, మీ ఆయన దగ్గరికి నన్ను పంపిస్తాంటివా?”

నేను బజ్జీ పళ్లెం ఆమె వైపు జరిపి తల దించుకున్నా.

మార్తమ్మ ఆఖరి బజ్జీ తీరిగ్గా కొరికింది. “నీ మొగుడు నాకొద్దక్కా. ఉగ్గాని చాలు.”