రూతమ్మ డ్రమ్ము నింపిందెవరు

అమరచింతలో రూతమ్మకు అనుమానం ఎక్కువని అందరికీ తెలుసు. కూతురు అత్తగారింటి నుంచి ఫోన్ చేసి "మంచిగనే ఉన్ననే అమ్మా" అంటే, "ఎవలన్న పక్కన నిలబడి చెప్పిపిస్తున్నరా?" అని అడుగుతుంది. పత్తి ఏరడానికి పోయే ఆటోలో ఎవరైనా నవ్వుతూ జరిగి చోటిచ్చారంటే, ఆమె మనసు ఆ రోజంతా కుదుటపడదు. ఎందుకు జరిగినట్టు?

నవ్వకండి. ఆమె పుట్టుకతో ఇట్లా లేదు. మొగుడు ఆశీర్వాదం పుణె దిక్కు రోడ్డు పనికి పోయినప్పుడు కళ్లు మూసుకుని నమ్మింది. మరిది, తోడికోడలు ధనలక్ష్మి కూడా అదే గుంపులో పోయారు. ఓ క్రిస్మస్‌కు ధనలక్ష్మి ఊరికొచ్చి, "బావ మంచిగున్నడక్కా, పండుగకు పంపిండు" అని ఒక చీర చేతిలో పెట్టింది. రూతమ్మ ఆ చీర కట్టుకుని పోయి గుడిలో ముందు వరసలో కూర్చుంది. ఆశీర్వాదం అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడని ధనలక్ష్మితో సహా గుడిలో అందరికీ అప్పటికే తెలుసు. తెలియనిది రూతమ్మకొక్కదానికే. అయ్యో, అంత సిగ్గు పగవాళ్లకైనా వద్దు! ఆయన మళ్లీ రాలేదు. ధనలక్ష్మి తిరిగొచ్చి గోడ అవతలే ఉంటున్నా రూతమ్మ ఆమెతో మాట మానేసింది. తనకు తెలియకుండా తన విషయంలో ఏం జరిగినా అది తన మంచికి కాదని ఆనాడే ఖాయం చేసుకుంది.

ఈసారి, క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదలైన ఆదివారం, ఊదారంగు కొవ్వొత్తి వెలిగించాక, గుడి పనులు చూసే ఉపదేశి ప్రభుదాసు పీఠం ముందు ఖాళీ పశువుల తొట్టి పెట్టాడు. ఏటా ఉన్న ఆనవాయితీయే. ఎవరికైనా చాటుగా ఒక మేలు చేస్తే తొట్టిలో ఒక గడ్డిపోచ వేయాలి. పండుగనాడు బాలయేసును ఆ గడ్డిమీదే పడుకోబెడతారు. చేసిన మేలు బయటపడిందా, ఆ పోచ తీసేయాలి. పూజ ముగించిన గురువులు రూతమ్మను ఆపి, "ఈ పండుగకన్నా పాపాలు ఒప్పుకుని, పాపసంకీర్తనం చేసి, సత్ప్రసాదం తీసుకో తల్లీ. ముందు ధనలక్ష్మితో మాట కలుపు" అన్నారు. పూజలో పంచే ఆ అప్పం అందుకోకుండా గడిచిన పండుగలను రూతమ్మ వేళ్లమీద లెక్కపెట్టుకుంది. తీసుకోవాలనే ఉంది. కానీ ఆ మనిషితో మాట ఎట్లా కలపాలి?

ఆ వారంలోనే వింత మొదలైంది. వీధి నల్లాలో నీళ్లు వచ్చేది పొద్దెక్కాక, రూతమ్మ కూలికి పోయిన వేళలో. అందుకే ఆమె డ్రమ్ము ఎప్పుడూ ఖాళీయే. అట్లాంటిది సాయంత్రం వచ్చి చూస్తే అంచులదాకా నీళ్లు! ఎవరు పోశారు? ఎందుకు పోశారు? తన ఇంటి గోడ పక్క జాగా మీద కన్నేసి ఎవరైనా మందు కలిపారా? వాసన చూసింది. ఏ వాసనా లేకపోయేసరికి అనుమానం ఇంకా బలపడింది. డ్రమ్మును మురికినీళ్లు పోయే మోరిలోకి వంచేసి, బిందె పట్టుకుని బోరింగు పంపుకు పోయింది. మర్నాడూ నిండింది. మళ్లీ వంచింది. నడుము పట్టేసినా సరే, ఆ నీళ్లు ముట్టలేదు.

గుడిలో తొట్టి చూసినా అనుమానమే. గడ్డి ఎన్నడూ లేనంత ఒత్తుగా ఉంది. "గీ ఊర్ల ఇంతమంది మంచోళ్లు యాడున్నరు? ఎవలో దొంగపోచలు ఏస్తున్నరు" అని ప్రభుదాసు చెవిలో వేసింది.

చివరికి ఒకరోజు కూలికి పోయినట్టే పోయి, వెనక సందులోంచి తిరిగొచ్చి తలుపు చాటున నిలబడింది. నల్లా వచ్చింది. వచ్చింది ఎవరనుకున్నారు, ధనలక్ష్మి! కొంగు నడుముకు దోపుకుని, అటూ ఇటూ చూసి, బిందె తర్వాత బిందె మోసి డ్రమ్ము నింపిపోయింది. దొరికింది దొంగ! కానీ ఇక్కడ అరిస్తే సాక్ష్యం ఎవరు? రూతమ్మ ఆదివారం దాకా పళ్లబిగువున ఆగింది.

పూజ కాగానే, పాపసంకీర్తనానికి జనం వరస కడుతుంటే గొంతెత్తింది.

"ఆగుర్రి అందరు! ధనలక్ష్మీ, నా డ్రమ్ముల ఏం కలుపుతున్నవే? నేను సస్తే నా జాగ గుంజుకుందామనా?"

వరసలోని జనం వెనక్కి తిరిగారు. ధనలక్ష్మి తొట్టి వైపు చూసింది.

"ఏందో చెప్పమ్మా" అన్నాడు ప్రభుదాసు.

"ఏం చెప్తది? దొరికినంక నోరు లేస్తదా?" అంది రూతమ్మ.

ధనలక్ష్మి మెల్లగా తొట్టి దగ్గరికి పోయింది. వంగి ఒక పోచ తీసింది. ఇంకొకటి తీసింది. తీస్తూనే ఉంది. తొట్టి అడుగు చెక్క కనబడేదాకా తీసింది. ఊరంతా కలిసి వేసినవి మూలన కొన్ని మిగిలాయి. ఎవరికీ ఏదీ విప్పి చెప్పే పని పడలేదు.

రూతమ్మ తొట్టి దాకా వచ్చింది. "ఎందుకు చేసినవే గిట్ల?" అంది.

"ఆనాడు బావ సంగతి చెప్పకపోతి అక్కా. చెప్పుంటే నువ్వు గా చీర కట్టకపోతుంటివి. ఇప్పుడు నోటితోని ఏం చెప్పినా నువ్వు నమ్ముతవా?"

ఏడుపు ముంచుకొచ్చింది రూతమ్మకు. గురువుల చెవిలో చెప్పాల్సిన మాట అందరి ముందే బయటికొచ్చింది. "పారవోసినే! ఒక్క చుక్క తాగలే. నువ్వు మోసిన నీళ్లన్నీ మోరిల పారవోసిన."

"తెలుసక్కా" అంది ధనలక్ష్మి. "ఆ మోరి మా వాకిలి ముంగట్నుంచే పోతది. దినాం చూస్తనే ఉంటి."

రూతమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి విడవకుండానే పోయి, పాపసంకీర్తనం వరసలో చివర నిలబడింది.