మోగకూడని పాట

పోయిన నెల మా అవ్వ నాకోసం ఒక శోకం పాట పాడింది. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. చావు జరగని ఇంట్లో దాన్ని పాడకూడదని, పత్తి చేను దాకా నడిచి వెళ్లి గట్టు మీద కూర్చుని పాడింది. ఎవరికీ వినిపించనని మాటిచ్చి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం మా చెల్లెలు రాణి నా ఫోన్‌లోని ఆడియో ఫైళ్లన్నీ ఫోల్డర్లలో సర్దిపెట్టింది. నేను సంతోషిస్తానని వాటిలో ఒకటి రింగ్‌టోన్‌గా కూడా పెట్టింది. కాసేపటికి ఎవరో ఫోన్ చేశారు. మా పెద్దక్క బిడ్డ నిద్రపోతున్న ఉయ్యాల పక్కనే, అవ్వ గొంతుతో ఆ శోకం మోగింది.

అవ్వ బిడ్డను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది.

"రాగం బాగుండాదని పెడితినక్కా. ఆ ఫైలుకి పేరు లేదే, వట్టి నంబరే ఉండె," అంది రాణి. దాని మీద కోపం వచ్చింది. కానీ మాటిచ్చింది నేను కదా.

అవ్వ తిరిగొచ్చి గడప బయటే నిలబడింది.

"ఎవురికీ వినిపించనంటివి గదే పాపా?"

ఆమె కళ్ల ముందే ఆ ఫైలు తీసేశాను. "పోయిందవ్వా," అన్నాను.

"నాకు సదువు రాదు. నువ్వు చెప్తే ఎట్ల నమ్మేది?"

ఫోన్‌లోంచి నిజంగానే పోయింది. విరుదునగర్‌లో మా ఆఫీసు కంప్యూటర్‌లో నేను ముందే దాచిన ఇంకో కాపీ ఉంది. అది అవ్వకు తెలియదు. రేపు వెళ్లి అదీ తీసేయాలి, మనసు రావడం లేదు. మీరైతే ఏం చేస్తారు?