పిలిస్తే పలికే జంతువు

ఆదివారాలు లైబ్రరీకని చెప్పి నేను వెళ్ళింది జూకి. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దేశంకాని దేశంలో, బిషాన్ అనే పేటలో నాకు గది అద్దెకిచ్చిన ఆంటీ, "ఇన్ని పుస్తకాలు చదువుతావు, నోట్లోంచి ఒక్క మాట ఊడిపడదేం తల్లీ!" అనేది. నేను నవ్వేసి చెప్పులేసుకునేదాన్ని.

దీనికంతటికీ మూలం ఒక చెట్టు. ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. సైన్స్ పార్క్‌లో మా ఆఫీసు ముందు విసనకర్రలా విచ్చుకున్న పెద్ద చెట్టుండేది. ఆకులు అచ్చం అరటాకులే. నేను చేరిన కొత్తలో ఉగాదికి మా తెలుగువాళ్ళం తలా ఒక వంటకం తెచ్చుకున్నాం. ఆకుల్లో వడ్డిద్దామని కత్తెర పట్టుకుని కిందికి దిగాను.

"మేడమ్!"

మా వరసలో కూర్చునే హైదరాబాదతను.

"అరె, అది అరటి గాదు మేడమ్! ఫైన్ ఏస్తరు. మీతోపాటు మమ్మల్ని గూడ పట్కపోతరు."

నేను పలకలేదు. వెళ్ళి అతని ముందు నిలబడ్డాను. చిన్నప్పట్నుంచీ నాకదే అలవాటు. ఎవరు పిలిచినా గొంతు లేవదు, కాళ్ళు లేస్తాయి. అమ్మ ఎంత తిట్టినా పోలేదు.

"గిట్ల దయ్యం లెక్క వచ్చి నిలబడుడేంది? పిలిస్తె పలకాలె గదా!" అన్నాడతను గుండె పట్టుకుని. ఆ తర్వాత ప్రతిదానికీ తన సీట్లోంచి పిలవడం, నేను వెళ్ళి నిలబడటం, అతను గుండె పట్టుకోవడం మామూలైపోయింది.

అరటి కాకపోతే మరేమిటా అని లైబ్రరీలో వెతికాను. మడగాస్కర్ చెట్టట. దాని పూలు పడవల్లాంటి గట్టి రేకుల్లో మూసుకుని ఉంటాయి. అక్కడి అడవిలో నలుపూ తెలుపూ కలిసిన, లెమూర్ అనే కోతిలాంటి జంతువు చెట్టెక్కి, చేతులతో ఆ రేకులు విడదీసి, పొడుగాటి మూతి లోపలికి పెట్టి తేనె తాగుతుంది. మెడ చుట్టూ ఉన్న జూలుకి పుప్పొడి అంటుకుని తర్వాతి చెట్టుకి చేరుతుంది. ఆ అడవులు నరికేస్తుంటే లెమూర్లు తగ్గిపోతున్నాయి. ఇక్కడేమో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గరంతా ఆ చెట్లే. పూస్తాయి. విప్పడానికి రావలసినది రాదు. సాయంత్రాలు బస్సుకి వెళ్తూ ఆ చెట్టు దగ్గర కాసేపు ఆగడం మొదలుపెట్టాను.

ఆ లెమూర్లు ఇక్కడి జూలో ఉన్నాయని తెలిసి వెళ్ళాను. మొదటిసారి చూసినప్పుడు ఒకటి వెనక కాళ్ళతో కొమ్మకి తలకిందులుగా వేలాడి బొప్పాయి ముక్క తింటోంది. ఇంకొకటి కొమ్మ మీద బోర్లా పడుకుని, కాళ్ళూ చేతులూ అటూ ఇటూ వేలాడేసింది. తల్లి లెమూర్ చెట్టు పైన గూడు కట్టి పిల్లల్ని అందులో ఉంచుతుందనీ, చోటు మారాలంటే పిల్లిలాగే నోట కరుచుకుని తీసుకెళ్తుందనీ చదివాను. కానీ వాటి అరుపుని ఏ పుస్తకమూ వినిపించలేదు. ఎక్కడో ఒకటి మొదలుపెట్టింది. అది ఊపిరి తీసుకునేలోగా మిగతావన్నీ అందుకున్నాయి, ఆకుల చాటున నాకు కనపడనివి కూడా. ఒక్కటీ ఉన్న చోటునుంచి కదల్లేదు. అడవిలో అవి ఎవరెక్కడున్నారో ఒకదానికొకటి అలాగే చెప్పుకుంటాయట. ఎదురుగా ఉన్న కమ్మీ పట్టుకుని నిలబడితే ఎందుకో కళ్ళు నిండాయి.

'ఒక ఆదివారం మీరూ రండి, ఒకటి వినిపిస్తాను.' అతనితో అనవలసింది ఇంతే. తిరిగొచ్చే బస్సులో పెదాలు కదలకుండా ఎన్నిసార్లు అనుకున్నానో. సోమవారం అతను పిలిచేవాడు, నేను వెళ్ళి నిలబడేదాన్ని. ఆ మాటని మళ్ళీ నా సీటుకే మోసుకొచ్చుకునేదాన్ని.

హైదరాబాద్‌లో కొత్త ఆఫీసులు తెరుస్తున్నారు. అతనికి అక్కడే ఉద్యోగం వచ్చింది. ఆఖరి సాయంత్రం ఇద్దరం ఒకే రైలెక్కాం. నేను మధ్యలో దిగి బిషాన్ రైలెక్కాలి. అతను అదే రైల్లో ఇంకా ముందుకి, పాయా లేబర్ దాకా వెళ్తాడు.

"నా రైస్ కుక్కర్ మీకే ఇస్త. మూత జర లూజు. తీస్కుంటరా?"

తల ఊపాను. ఆ మాట పళ్ళ దాకా వచ్చింది. నేను దిగాల్సిన స్టేషన్ కూడా వచ్చింది. దిగి నడుస్తున్నాను.

"మేడమ్!"

వెనక్కి తిరిగాను. అతను రైలు తలుపు దగ్గర నిలబడున్నాడు. తలుపులు మూసుకోబోతున్నట్టు గంట మోగుతోంది. వెళ్ళి ఎదురుగా నిలబడాల్సిన కాళ్ళు కదల్లేదు.

"ఆఁ!" అన్నాను.

ప్లాట్‌ఫామ్ మీద జనం తిరిగి చూసేంత గట్టిగా. అతను ఈసారి గుండె పట్టుకోలేదు. మొహం నిండా నవ్వాడు.

"ఏం లేదు మేడమ్. పలుకుతరో లేదో అని పిలిసిన."