అవతలి గట్టున అమ్మ స్వెట్టర్

నయాగరా చూడ్డానికి వెళ్ళే మనవాళ్ళెవరూ ఆ ఊరు చూడరు. జలపాతం దగ్గర పార్కింగ్, ఫోటోలు, కూలర్‌లో తెచ్చుకున్న పులిహోర, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. నది మాత్రం అక్కడితో ఆగదు. లోయలో పడి కొట్టుకుంటూ వెళ్ళి, కొండ దిగాక ఒక చిన్న ఊరి పక్కన కాస్త నెమ్మదిస్తుంది. ఒకే ఒక పెద్ద వీధి, ఐస్‌క్రీమ్ కొట్టు, నీళ్ళ దాకా దిగే మెట్లు, నాలుగు బెంచీలు. బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా కెనడా. అవతలి గట్టున ఎవరైనా కుక్కని తిప్పుతుంటే ఆ కుక్క రంగు కూడా చెప్పొచ్చు. ఈ దేశంలో నేను ఇంతగా తిట్టుకున్న ఊరు మరొకటి లేదు.

అవి కోవిడ్ రోజులు. వంతెన మూసేశారు. మూసేశారంటే మనుషులకి. సరుకుల లారీలు మాత్రం దర్జాగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. కెనడా బంగాళాదుంప నదిని దాటి, ఏడు గంటల దూరంలో నేనుండే ప్లెయిన్స్‌బరో కొట్టుకి వచ్చేది, నేను మాత్రం దాటకూడదు. మా అమ్మ అవతలి గట్టున ఉంది.

అమ్మ అక్కడికెలా చేరిందో చెప్పాలి. మా అక్కా నేనూ ఒకప్పుడు ప్లెయిన్స్‌బరోలో పక్కపక్క బిల్డింగుల్లో ఉండేవాళ్ళం. గ్రీన్‌కార్డ్ లైన్‌లో నిలబడి నిలబడి అక్కకి విసుగొచ్చింది. ఒక రోజు సామాను సర్దుకుని కెనడా వెళ్ళిపోయింది, నదికి అరగంట దూరంలో ఇల్లు కొనుక్కుంది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి అమ్మ కొన్నాళ్ళు దాని దగ్గర, కొన్నాళ్ళు నా దగ్గర ఉండాలని అనుకున్నాం. కెనడా వీసా ముందొచ్చింది. అక్కడ ఉండగా అమెరికా వీసాకి అప్లై చేద్దామనుకున్నాం. ఆ ఇంటర్వ్యూ జరిగే లోపల ప్రపంచం తలుపులన్నీ మూసుకున్నాయి.

ఏటి ఒడ్డున కలుసుకుందామన్న ఆలోచన అక్కదే. అటు వాళ్ళు, ఇటు నేను, చేతిలో ఫోన్లు. మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మని చూసి నవ్వొచ్చింది నాకు. చీర మీద నేను పంపిన మెరూన్ స్వెట్టర్, దాని మీద అక్కవాళ్ళ ఆయన కోటు, మొహానికి మాస్కు, శుక్లాల ఆపరేషన్ తర్వాత పెట్టుకునే నల్ల కళ్ళద్దాలు. ఇక మనిషంటూ కనిపించేది ఎక్కడ? బైనాక్యులర్స్ పెట్టి చూసినా మెరూన్ మూట ఒకటి కనిపించేది. అయినా ఆ మూట చెయ్యి ఊపితే నాకు ప్రాణం లేచొచ్చేది.

ప్రతిసారీ చివర అమ్మ ఫోన్‌లో ప్రార్థన చేసేది. మా అమ్మ ప్రార్థన మొదలుపెడితే ఇండియాలో ఉన్న చుట్టాలందరి పేర్లూ అయ్యాక గానీ అమెరికాలోకి అడుగు పెట్టదు. నా పిల్ల బెంచీ మీద కాళ్ళు ఊపుతూ, "డన్ అయిందా అమ్మమ్మా?" అని అడిగేది. ప్రార్థనకి ముందు అమ్మ తప్పకుండా చేసే పని ఒకటుంది. కోటు తీసేసి, ఎంత చలిగాలి కొడుతున్నా సరే, చీర కొంగు తల మీదికి లాక్కునేది. తల కప్పుకోకుండా దేవుడితో మాట్లాడటం అమ్మకి తెలియదు. మా గోదావరి జిల్లా చర్చిలో చిన్నప్పుడు నా తల మీద కొంగు జారితే వెనక నుంచి మొట్టికాయ పడేది. ఏటి ఇవతలి నుంచి కూడా నాకు స్పష్టంగా కనిపించేది ఆ కొంగు కదలిక ఒక్కటే.

ఇక్కడ నాన్న సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మనవాళ్ళలో చావు కబురుని చావు కబురుగా ఎవరూ చెప్పరు. "కాస్త సీరియస్‌గా ఉంది, బయల్దేరు" అంటారు. విన్నవాడు దారిలో కూలిపోకూడదని, క్షేమంగా ఇల్లు చేరాక అందరి మధ్యా ఏడవాలని. కాలేజీ హాస్టల్‌కి ఫోన్ వచ్చినప్పుడు నాకూ అలాగే చెప్పారు. నేను నమ్మాను. బస్టాండ్‌లో నాన్న కోసం బత్తాయిలు కొన్నాను, రసం తీసిస్తే తాగుతాడని. బస్సు దిగి సందు మలుపు తిరిగితే ఇంటి ముందు షామియానా. ఆ బత్తాయిల సంచీ చేతిలో పట్టుకుని నిలబడ్డ నన్ను ఊరంతా చూసింది. ఆ వారంలోనే అక్కతో గట్టిగా చెప్పాను, నాతో ఇంకెప్పుడూ ఇలా చేయొద్దు, ఎంత ఘోరమైనా ఉన్నది ఉన్నట్టు చెప్పు అని. అక్క నా చెయ్యి పట్టుకుని సరేనంది.

ఇక ఆ శుక్రవారం. పిల్లకి జలుబు చేస్తే మా ఆయన దానితో ఇంట్లో ఉండిపోయాడు, నేనొక్కదాన్నే బయల్దేరాను. ఏడు గంటల డ్రైవ్. ఊళ్ళో మోటెల్ తీసుకుని, తెచ్చుకున్న పెరుగన్నం తిని, అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. అమ్మకి గొంతు పట్టేసింది, తొందరగా పడుకుంది, పొద్దున్నే మామూలు చోటుకి తీసుకొస్తానని. నేను హాయిగా నిద్రపోయాను. ఆ నిద్రని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

పొద్దున్నే అవతల మెరూన్ స్వెట్టర్ కనిపించింది. ఈసారి చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. మోకాళ్ళు నొప్పని అక్క చెప్పింది. డాక్టర్ మాట్లాడొద్దన్నాడని, చెయ్యి ఊపుతుందని చెప్పింది. చెయ్యి ఊపింది. ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టమన్నాను. అక్క కొంచెం తటపటాయించి పెట్టింది.

"అమ్మా, పలకొద్దులే, విను చాలు. చలి ముదిరేలోగా ఎలాగో ఒకలా నిన్ను తెచ్చేసుకుంటాను. నీ మంచం కిటికీ పక్కన వేశాను. పొద్దున ఎండ నేరుగా మంచం మీదే పడుతుంది" అన్నాను.

అమ్మ తల ఊపింది. తర్వాత అక్క ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో ఏడ్చేసింది. మా అక్క ప్రార్థనలో ఏడవడం కొత్తేమీ కాదు కాబట్టి నేను పట్టించుకోలేదు. కానీ బైనాక్యులర్స్‌లో ఒకటి కనిపించింది. అమ్మ తల మీద కొంగు లేదు. ఊరికే కూర్చుని ఏటి వైపు చూస్తోంది.

"అమ్మా, కొంగు" అన్నాను ఫోన్‌లో.

అవతల అక్క ప్రార్థన ఆగిపోయింది. కాసేపటికి ఆ మెరూన్ చెయ్యి లేచి, నెమ్మదిగా కొంగు తల మీదికి లాక్కుంది. నా మనసు కుదుటపడింది. భుజం నొప్పేమో, మందుల మత్తేమో అనుకున్నాను. దారంతా పాటలు పెట్టుకుని నడిపాను. నా పక్క సీట్లో ఐస్‌క్రీమ్ కొట్టులో పిల్ల కోసం కొన్న టీషర్ట్ ఉంది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మా తెలుగు చర్చివాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో కారు పక్కన, మాస్కులతో, ఎడం ఎడంగా. పాస్టర్‌గారి చేతిలో బైబిల్ ఉంది. ఇంజన్ ఆపకముందే నాకు అర్థమైంది. ఈసారి షామియానా లేదు, అంతే.

అమ్మ శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లో పడిపోయింది. హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు, సాయంత్రం లోపల పోయింది. నేను మోటెల్‌లో పెరుగన్నం తింటున్నప్పుడు అమ్మ అరగంట దూరంలో మార్చురీలో ఉంది. రాత్రంతా అక్కా, బావా, మా ఆయనా ఫోన్లలో మాట్లాడుకున్నారట. ఒక్కతే ఉంది, ఇప్పుడు చెబితే ఏమైపోతుందో, అంత దూరం కారు ఎలా నడుపుతుంది అని. చెప్పకుండా వెనక్కి రప్పించాలంటే పొద్దున నాకు అమ్మ కనిపించాలి. అందుకని అక్క వాళ్ళ పక్కింట్లో ఉండే తెలంగాణ వాళ్ళ ఇంటి పెద్దావిడకి అమ్మ స్వెట్టర్ తొడిగి, అమ్మ కళ్ళద్దాలు పెట్టి, ఎక్కడో అడిగి తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చింది. ఆవిడ హిందువు. ప్రార్థనలో తల కప్పుకోవాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పింది నేనే.

ఇదంతా మా ఆయన నా ఎదురుగా కూర్చుని చెప్పాడు. చెప్పి, "నీ సేఫ్టీ కోసమే" అన్నాడు.

అంత్యక్రియలు లాప్‌టాప్‌లో చూశాను. మాటిమాటికీ బొమ్మ ఆగిపోయేది. అందరూ గుప్పెడు గుప్పెడు మట్టి వేస్తున్నప్పుడు సరిగ్గా అక్క చెయ్యి గాల్లో ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి పెట్టె కనిపించలేదు.

తర్వాత ఫోన్‌లో, మాటిచ్చి కూడా ఎందుకు దాచావని అక్కని అడిగాను. అక్క గొంతు తగ్గించలేదు. "నీకేమైనా అయ్యుంటే? షాక్‌లో హైవే మీద ఏ లారీకో గుద్దుకుంటే, నీ పిల్లకి నేనేం చెప్పాలే? ఒక్క రోజులో ఇద్దర్ని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు" అంది.

దాని మాటలో తప్పు పట్టడానికి లేదు. అమ్మని మార్చురీలో వదిలి, ఇంకొకావిడకి అమ్మ స్వెట్టర్ గుండీలు పెడుతున్నప్పుడు దానికి ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. తెలిసినా నా కోపం తగ్గలేదు. నిజం చెప్పి ఉంటే నేను ఆ రాత్రే వంతెన దగ్గరికి వెళ్ళేదాన్ని. యూనిఫాం వేసుకున్నవాడి ముందు నిలబడి, మా అమ్మ పోయింది, ఒక్కసారి మొహం చూసి వచ్చేస్తానని అడిగేదాన్ని. వాడు కుదరదనేవాడేమో. అననీ. అడిగానన్న తృప్తి, తిట్టుకోవడానికి ఒక మొహం నాకు మిగిలేవి. దేశాలు తలుపులు వేశాయని నెలల తరబడి ఏడ్చాను. లోపలి నుంచి గడియ పెట్టింది మాత్రం నా వాళ్ళే.

వంతెన తెరిచారు. నా వీసా స్టాంపింగ్ తెమలక, వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనన్న భయంతో ఇంకొన్నేళ్ళు గడిచాయి. మొన్న వేసవిలో దాటాను. వంతెన మీద పట్టిన సమయం ఒక పాట అయిపోయేంత. కింద నది, ఇవతల బెంచీలు, అవతల అమ్మ నిలబడి చెయ్యి ఊపిన గట్టు రెయిలింగ్ కనిపించాయి. కారు ఆపడానికి వీల్లేదు కాబట్టి ఆపలేదు.

అక్క నన్ను వాటేసుకుంది. నేను చేతులు వేలాడేసి నిలబడ్డాను. సమాధి దగ్గరికి బయల్దేరుతుంటే పక్కింటి పెద్దావిడ గడప దిగి వచ్చింది, నేనూ వస్తానని. సన్నగా ఉంది. అమ్మ పోలిక ఏ కోశానా లేదు. కారులో వెనక సీట్లో నా పక్కన కూర్చుని, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అట్ల జేసుడు తప్పని నాకప్పుడే అనిపించింది బిడ్డా. మీ అక్క ఏడ్సుకుంట అడిగితే కాదనలేకపోయిన. కిటికీ పక్కన మంచం ఏసిన అన్నవ్. ఆ మాట మీ అమ్మకు చేరాల్సింది. నా చెవుల పడ్డది. నువ్వు అమ్మా అన్నప్పుడు పలుకుదామని నోటిదాక వచ్చింది. నన్ను మాఫ్ జెయ్యి."

ఇన్నేళ్ళలో నన్ను క్షమించమని అడిగిన మనిషి ఆవిడొక్కతే. ముందు సీట్లో అక్క రోడ్డు వైపే చూస్తూ డ్రైవ్ చేస్తోంది. వినిపించింది దానికి. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మా అమ్మతో నేనన్న ఆఖరి మాటలు ఈ లోకంలో ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉన్నాయి.

సమాధి రాయి గడ్డిలో నేలకి సమంగా పరిచి ఉంది. మెషీన్‌తో గడ్డి కోసినప్పుడు ఎగిరిన తుంపులు దాని మీద అంటుకున్నాయి. తుడిచాను. అక్క ప్రార్థన చేద్దామంది. పెద్దావిడ వెంటనే కొంగు తల మీదికి లాక్కుంది. ఈసారి ఎవరూ చెప్పలేదు. నేను ప్యాంటు షర్టులో ఉన్నాను, చున్నీ కారులోనే ఉండిపోయింది. అక్క తన చున్నీ అంచు నా తల మీదికి జరపబోయింది. నేను పక్కకి తప్పుకున్నాను.

అక్క చాలాసేపు ప్రార్థించింది. అచ్చం అమ్మలాగే ఇండియా నుంచి మొదలుపెట్టి అందరి పేర్లూ చెప్పింది. చివర్లో, అక్కచెల్లెళ్ళిద్దర్నీ అమ్మ దగ్గర కలిపినందుకు దేవుడికి స్తోత్రం చెప్పి, ఆమెన్ అంది. పెద్దావిడ కూడా తనకి తెలిసినట్టు పలికి ఆమెన్ అంది. ఇద్దరూ నా కోసం ఆగారు.

నేను అనలేదు.