ఖాళీ చెయ్యని ఫోల్డరు

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక అక్టోబరు నెలలో, నేను బరంపురంలోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిల్డ్ ఇన్‌చార్జిని. హోదా సీనియర్ ఇంజనీరుది, కుర్చీ మాత్రం ప్రింటరు పక్కన. గంజాం తీరంలోని జాలరి పల్లెల్లో తుఫాను సైరన్లు మోగించే డబ్బాలకు ప్రోగ్రాము మేమే రాసేవాళ్లం.

బిల్డ్ అంటే ఏమిటని మా చుట్టాలు అడగని పెళ్లి లేదు. ప్రోగ్రామర్లు రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే ఫైలుగా మార్చడం కంపైల్ చెయ్యడం. ఆ పనిని వరసగా చేయించే ఏర్పాటే బిల్డ్. తయారైన ఫైలు ఏ ఫోల్డరులో పడాలో సెట్టింగుల్లో ఒక్క లైను చెబుతుంది. అక్కణ్ణుంచి మరో చిన్న స్క్రిప్టు ఆ ఫైలును తీసి, వెర్షన్ నంబరు తగిలించి, ప్యాకేజీ కడుతుంది. టెక్నీషియన్లు దాన్ని పెన్‌డ్రైవులో పట్టుకెళ్లి డబ్బాల్లోకి ఎక్కిస్తారు. సెట్టింగులూ, స్క్రిప్టూ రెండూ నావే.

పాత ప్రోగ్రాములో ఒక పెద్ద లోపం ఉండేది. కరెంటు పోయి డబ్బా బ్యాటరీ మీదికి మారగానే, కంట్రోలు రూము నుంచి వచ్చే హెచ్చరికను అందుకోవడం మానేసేది. తుఫానులో ముందు పోయేదే కరెంటు! కొత్త వెర్షన్‌లో దాన్ని సరిచేశాం. అదే వారం కొత్త రకం డబ్బాలు కూడా వచ్చాయి. రెండు రకాల ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడకుండా నేను సెట్టింగుల్లో ఆ లైను మార్చి, ఒక్కో రకానికి ఒక్కో కొత్త ఫోల్డరు పెట్టాను. బిల్డ్ సక్రమంగా అయిందని తెర మీద వచ్చింది. ప్యాకేజీ కూడా తయారైంది.

మర్నాడు పొద్దున గోపాల్‌పూర్ రేవులో ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేశారు. ముగ్గురు టెక్నీషియన్లు పెన్‌డ్రైవులతో తలో రెండు పల్లెలకు బయలుదేరారు. డబ్బా తెర మీద కొత్త నంబరు చూసి సంతకం పెట్టాలి, అంతే. ఆ పద్ధతి రాసింది కూడా నేనే.

పదకొండున్నరకు నూకరాజు ఫోను చేశాడు. ముగ్గురిలో అతనొక్కడే మార్కండి అనే జాలరి పల్లె వాడు, ఆ పూట తన ఊరి డబ్బా దగ్గరే ఉన్నాడు.

"అమ్మా, ఏటంటే, నంబరు కొత్తదే సూపిస్తంది. మెయిను ఆపేసి సూసినాను. డబ్బా మూగైపోనాది."

మెయిను స్విచ్చి ఎవరు ఆపమన్నారని కసిరాను. చెప్పని పని చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"మా ఆడది పురిట్లో ఉందమ్మా. పిల్లకి ఆరో రోజు. సైరన్ మోగకపోతే మా యమ్మ దాన్ని గడప దాటనివ్వదు. ఏటి సెయ్యమంటారు?"

పురుడు తీరనిదే బాలింతను బయటికి తేరు. సముద్రానికి ఆ ఇల్లు ఎంత దగ్గరో నాకు తెలుసు. ఉండమని చెప్పి ప్యాకేజీ విప్పాను. లోపలి ఫైలు మూడు వారాల కిందటిది. ఫైలు పడే చోటు మార్చాను గానీ, స్క్రిప్టు వెతికే చోటు మార్చలేదు. అది పాత ఫోల్డరుకే వెళ్లి, అక్కడున్న పాత ఫైలునే తీసి, దానికి కొత్త నంబరు అంటించింది.

పాత ఫోల్డరు ఖాళీగా ఉండి ఉంటే స్క్రిప్టు ఫైలు లేదంటూ అక్కడే ఆగిపోయేది. ఖాళీగా ఎందుకు లేదంటే, నా బుద్ధి అలాంటిది. మాది బరంపురంలో నాలుగు తరాల బియ్యం కొట్టు. బియ్యం డబ్బా అడుగు కనబడేలా గీకితే మా నాయనమ్మ చెయ్యి పట్టుకునేది, గుప్పెడైనా ఉంచాల్సిందే. ఆఫీసులో ఫోల్డరు శుభ్రం చేసినప్పుడూ చివరి ఫైలు ఒకటి ఉంచేసేదాన్ని. తోటివాళ్లు నవ్వితే, ఇది జాగ్రత్త అని దబాయించేదాన్ని కూడా.

మేనేజరు మొహంతి గారి గదిలోకి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఒడియాలో ఒక్కటే అడిగారు, ఎన్ని ఊళ్లు అని. ఆరు అన్నాను. తిట్టకుండా మిగతా ఇద్దరు టెక్నీషియన్లకు ఆయనే ఫోను చేశారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

పాత ఫోల్డరు మొత్తం తుడిచేశాను. స్క్రిప్టులో దారి సరిచేసి మళ్లీ బిల్డ్ పెట్టాను. ఇరవై నిమిషాలు పడుతుంది. కిటికీ బయట రేకులు గాలికి కొట్టుకుంటుంటే, ఒక్కో దెబ్బకీ మార్కండిలో కరెంటు పోయిందేమోనని ఫోను వైపు చూసేదాన్ని. కొత్త ఫైలును ఈసారి నా బల్ల మీది డబ్బాలోకి ఎక్కించి, ప్లగ్గు పీకి, పరీక్ష సైరన్ మోగాకే ముగ్గురికీ మెయిల్ చేశాను. మార్కండిలో ఫోను మాటకే తప్ప నెట్ అందక, నూకరాజు వానలో ఛత్రపురం పట్నం దాకా బండి మీద వెళ్లి ఫైలు దించుకొచ్చాడు.

మూడు గంటలకు తీరమంతా కరెంటు పోయింది. అతని ఫోను కలవలేదు. నాలుగు దాటాక అతనే చేశాడు.

"మోగిందమ్మా! మా యమ్మే పిల్లనెత్తుకోని ముందు బయలెల్లింది."

కుర్చీలో కూలబడి ఏడ్చాను. ప్రింటరు దగ్గరున్నవాళ్లు చూశారు, చూడనీ అనుకున్నాను.

మరో నాలుగు ఊళ్లలో కూడా సమయానికి సరిచేయగలిగాం. ఆరో ఊరి దారికి చెట్టు అడ్డం పడింది. అక్కడ కుర్రాళ్లు తప్పెట కొట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగి జనాన్ని తుఫాను షెల్టరుకు చేర్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా గొప్ప కాదు.

తరువాత నియమాలు మార్చాను. ప్రతి బిల్డుకు ముందు పాత ఫైళ్లన్నీ పూర్తిగా తుడవాలి. ఫైలు పడే చోటునూ వెతికే చోటునూ ఒకే లైను చెప్పాలి. కరెంటు తీసి సైరన్ మోగించి చూడనిదే సంతకం పెట్టకూడదు.

ఆ మూడో నియమం నాది కాదు, నూకరాజుది. ఆ పొద్దున నేను రాసిన పద్ధతిని మిగతా ఇద్దరూ తు.చ. తప్పకుండా పాటించి నాలుగు ఊళ్లలో సంతకాలు పెట్టారు. వాళ్లకు తప్పు కనబడలేదు. ఆ ఊళ్లో తన బిడ్డ ఉన్నవాడికి మాత్రమే కనబడేలా రాశాను నేను ఆ పద్ధతిని.